డెబ్భై రెండో ఏట కారుకు రంగు వేసుకున్న వైనం

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా డిసెంబరు 17న మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి నాకన్న బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. డి.ఎ. బకాయిల సంగతి నా తరవాత మాట్లాడేవారు చూసుకుంటారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం వేరు. "మీరు ఇంట్లోనే కారుకు రంగు వేసుకున్నారట కదా, అది చెప్పండి, సభ కాస్త తేలికపడుతుంది" అన్నారు. సరేనన్నాను. అయితే జరిగినదంతా చెప్పకుండా రంగు సంగతి ఒక్కటే చెప్పడం నాకు చేతకాదు. అందుకు ముందే క్షమాపణ కోరుకుంటున్నాను.

నేను 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. కమ్యుటేషన్ డబ్బులో అమ్మాయి పెళ్ళి బాకీలు పోగా మిగిలినదానితో మరుసటేడు ఒక సెకండ్‌హ్యాండ్ మారుతి 800 కొన్నాను. 2007 మార్చిలో రిజిస్టరయిన బండి. ఎరుపు రంగు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటో కుదుపు ఓర్చుకోలేదు. గుంటూరు ఆసుపత్రికైనా, విజయవాడలో వాళ్ళ అక్కగారింటికైనా తెనాలి నుంచి ఆ కారే మాకు ఆధారం.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా మూలంగా ఇల్లు కదలలేదు. కారును మామిడిచెట్టు కింద పెట్టి టార్పాలిన్ పట్టా కప్పి, నా కర్తవ్యం నెరవేర్చాననుకున్నాను. అంతకన్న పొరపాటు మరొకటి లేదు. పట్టా గాలికి ఆడి రంగును రుద్దేసింది. లోపల చెమ్మ నిలిచి డోర్ల కింది అంచుల్లో తుప్పు పొక్కులు లేచాయి. పట్టా జారిన చోట ఎండకు ఎరుపు వెలిసి గులాబీ రంగులోకి దిగింది. పక్షుల రెట్టలు పడిన చోట రంగును తిని గుంటలు చేశాయి.

ఇక అసలు చిక్కు చెబుతాను. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తరవాత ఫారం 25 పెట్టి, బండిని చూపించి, అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. మాకు 2022 మార్చి నెలాఖరుతో గడువు తీరుతుంది. పైగా ఆ ఏప్రిల్ 1 నుంచి పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరుగుతుందని ముందే ప్రకటించారు. గుమాస్తా ప్రాణం కదా, మార్చి దాటనివ్వకూడదని పట్టుపట్టాను. తుప్పు తీయించి రంగు వేయించడానికి ఒక షెడ్డువారిని అడిగితే 42,000 అన్నారు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "నాన్నా, అమ్మితే అంత రాదు ఆ కారుకి. తుక్కు కింద ఇచ్చేయండి" అన్నాడు. లెక్క ప్రకారం వాడు చెప్పింది తప్పు కాదు. మా ఆవిడ మాత్రం, "అది పోయిన రోజు నుంచి నన్ను గడప దాటమని అడక్కండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వీధి చివర ఒక పెయింటరు మేస్త్రీ అద్దెకుండేవాడు. అప్పటికి యాభై నాలుగేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు కార్లకు రంగులు కొట్టి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. గన్ను పట్టవద్దని డాక్టరు చెప్పేశాడు. వెళ్ళి సలహా అడిగాను. నన్ను ఒకసారి పరకాయించి చూసి, "నేను కొట్టలేను బాబాయిగారూ. కుర్చీ వేస్తే కూర్చుని చెబుతాను. మీరు కొడతారా?" అన్నాడు. రోజుకు 400 మాట్లాడుకున్నాం. సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు మొదలుపెట్టాం. మా ప్రాంతంలో ఈ పనికి అదే అనువైన కాలమట. వానాకాలం తేమ, ఎండాకాలం గాలిదుమ్ము రెండూ పనికిరావు.

రంగు ఏది కొనాలని మొదటిరోజే అడిగాను. "రంగు మాట ఫిబ్రవరిలో చూద్దాం" అన్నాడు. సరిగ్గా అలాగే జరిగింది. నెలరోజులు కడగడం, గీకడం, పూడ్చడం, మళ్ళీ గీకడం. ముందు సబ్బునీళ్ళతో కడిగి, థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిపించాడు. ఎన్నడో పెట్టిన పాలిష్ తాలూకు జిడ్డు కాస్త మిగిలినా పైన వేసిన రంగు అక్కడ నిలవక చేపకళ్ళ మాదిరిగా గుండ్రని గుంటలు పడుతుందట. తరవాత తుప్పు పొక్కులను వైరు బ్రష్షుతో, ఉప్పు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకాలి. చుట్టూ ఉన్న పాత రంగు అంచు వేలికి తగలకుండా వాలుగా అరగదీయాలి. నేను కళ్ళజోడు పెట్టుకుని బాగుందంటే, ఆయన కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి బాగోలేదనేవాడు. కంటికి అందని ఎత్తుపల్లాలు అరచేతికి అందుతాయి. ఇది మాత్రం నాకు నెలరోజులకు గాని పట్టుబడలేదు.

గుంటల్లో పుట్టీ పెట్టాలి. నిమ్మకాయంత పుట్టీకి సెనగగింజంత హార్డెనరు. ఎక్కువైతే రేకు మీదికి చేరేలోపు చేతిలోనే గట్టిపడుతుంది, తక్కువైతే ఎన్నాళ్ళకూ ఆరదు. మొదటిసారి నేను కలిపింది గిన్నెలోనే రాయయింది. ఆ గిన్నె మా ఆవిడది. ఆ సంగతి ఇక్కడ విస్తరించను.

ఇంకొక చిన్న మాట. మొదట్లో నేను మేస్త్రీని "నువ్వు" అనేవాణ్ణి, వయసులో చిన్నవాడు కదా అని. రెండోవారానికి "మీరు" అంటున్నానట. మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఎడమపక్క వెనక డోరు దగ్గర నేను తొందరపడ్డాను. ఆ రోజు మేస్త్రీ ఆసుపత్రికి వెళ్ళాడు. పుట్టీని పొడిగానే ఉప్పు కాగితంతో రుద్దమని చెప్పి వెళ్ళాడు. దుమ్ము లేస్తోందని నేను వాటర్ పేపరు, నీళ్ళు పట్టుకుని హాయిగా రుద్దేశాను. నున్నగా వచ్చింది. ఆ పైన సర్ఫేసరు కూడా కొట్టాం. సర్ఫేసరంటే రంగుకు ముందు పరుపులా వేసే బూడిదరంగు పూత. పదిరోజులకు ఆ డోరు మీద ఆవగింజలంత పొక్కులు లేచాయి. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది. పీల్చిన చెమ్మ బయటికి పోయే దారి లేక పొక్కుతుంది, అడుగున మళ్ళీ తుప్పు మొదలవుతుంది. మేస్త్రీ చూసి, "మొత్తం ఇనుము దాకా తీసేయండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నడుం నొప్పి, చేతివేళ్ళు పగిలాయి, గడువు దగ్గర పడుతోంది. ఉప్పు కాగితం కింద పడేసి, "ఎన్నిసార్లు చేయించుకుంటారండీ ఒకే పనిని! ఇది నా వల్ల కాదు" అన్నాను.

ఆయన కుర్చీలోంచి కదలలేదు. "రెండోసారికే విసుగా బాబాయిగారూ? మా అమ్మ కాగితాలు మీరు మూడుసార్లు తిప్పి పంపారు" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఆయన తండ్రి ప్రభుత్వ జీపు డ్రైవరు. 1996లో సర్వీసులో ఉండగానే పోయాడు. తల్లికి రావలసిన కుటుంబ పింఛను కాగితాలు నేనున్న సెక్షనుకు వచ్చాయి. మొదట సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకలా, దరఖాస్తులో ఒకలా ఉందని కొర్రీ. అది దిద్దుకుని వస్తే ఫోటో మీద అటెస్టేషను లేదని కొర్రీ. అదీ చేయించుకుని వస్తే వేలిముద్రలు స్పష్టంగా లేవని కొర్రీ. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఆయన చెల్లెలు పదో తరగతి పరీక్ష ఫీజు కట్టలేకపోయింది. పరీక్ష రాయలేదు. మరుసటేడు పెళ్ళి చేసేశారు.

"మూడూ ఒక్కసారే రాసి ఉంటే ఒక్కసారే తెచ్చుకునేవాళ్ళం కదా" అన్నాడు. గొంతు పెంచలేదు.

నాకు ఆ ఫైలు జ్ఞాపకం లేదు. ఉందని చెబితే అబద్ధమే అవుతుంది. ఈ సభలో చాలామంది కొర్రీలు రాసినవారే, అందరం రిటైరయ్యాక కొర్రీలు తిన్నవారమే. నా పింఛను కాగితాలే 2008లో ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర వెనక్కి వస్తే, రెండు నెలలు ఊళ్ళో అందరికీ చెప్పుకుని బాధపడ్డాను. ఆయన చెప్పిన మూడు కొర్రీలూ నిబంధనల ప్రకారం సరైనవే. ఒక్కటి కూడా నేను లంచానికి రాయలేదు. కాని మొదటి తప్పు కనపడగానే అక్కడికి ఆపి, అభ్యంతరం రాసి, ఫైలు బల్ల దాటించడం నాకు అలవాటు. మిగతా కాగితాలు తిరగేసేవాణ్ణి కాను. అలా చేస్తే రోజుకు నాలుగు ఫైళ్ళు ఎక్కువ కదిలినట్టు లెక్క. ఆ లెక్కకు నన్ను మెచ్చుకున్నవారు కూడా ఉన్నారు.

లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. డోరు గీకాను. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండురోజుల తరవాత మరో విద్య చెప్పాడు. బాగుచేసిన డోరుకు సర్ఫేసరు వేసి ఆరనిచ్చి, దాని మీద నల్లరంగును బాగా పలచన చేసి పొగమంచులా చల్లించాడు. ఆ పైన చదునైన చెక్కకు వాటర్ పేపరు చుట్టి రుద్దమన్నాడు. సర్ఫేసరు మీద నీళ్ళు తగలవచ్చు. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది, పల్లంలో నలుపు మిగిలిపోతుంది. అలా డోరు మొత్తం మీద లోపాలన్నీ పది నిమిషాల్లో పైకి తేలాయి, పదకొండు చోట్ల. "అన్నీ ఒకేసారి కనపడాలి బాబాయిగారూ. ఒకటొకటిగా వెతికితే ఏడాదైనా తెమలదు" అన్నాడు. డోరు సంగతే అన్నాడో, ఏమన్నాడో. నేను అడగలేదు.

ఫిబ్రవరి మూడోవారంలో రంగు కొనడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. పనిలో పనిగా తుక్కు కొట్లో ఒక పాత బానెట్ 600కు కొన్నాను, చెయ్యి తిప్పుకోవడానికి. ఎరుపే కొన్నాను. రంగు మారిస్తే ఆర్.సి.లో కూడా మార్పించుకోవాలి, అదొక అర్జీ. మేస్త్రీ చెప్పినట్టు ఎన్.సి. రంగు తీసుకున్నాను, అంటే నైట్రో సెల్యులోజు. ఇప్పుడు షెడ్లలో ఎక్కువగా వాడేది హార్డెనరు కలిపే రెండు డబ్బాల పి.యు. రంగు. మెరుపు దానిదే, మన్నిక దానిదే. కాని ఆ హార్డెనరులో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. గన్నులోంచి తుంపరగా వచ్చినప్పుడు పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. మేస్త్రీ మొదట్లో ఎన్.సి.తో పనిచేసి, తరవాత ఏళ్ళ తరబడి ముక్కుకు జేబురుమాలు కట్టుకుని ఈ పి.యు. కొట్టాడు. అలా పోయింది ఆయన ఊపిరి. "ఇంట్లో వద్దే వద్దు" అన్నాడు.

ఎన్.సి. రంగుకు ఒక చరిత్ర ఉంది. అంతకుముందు కార్లకు బ్రష్షుతో వార్నీషు పూతలు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో అనే ఎన్.సి. రంగు తెచ్చాయి. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు దాన్ని వాడారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన వడ్రంగులు నేటికీ తలుపులకు, సామానుకు "డ్యూకో" వేయిస్తామంటారే, ఆ పేరు ఇదే. ఇందులో థిన్నరు ఎగిరిపోవడమే ఆరడం. ఆరాక కూడా థిన్నరు తగిలితే కరుగుతుంది. కనక చేసిన తప్పు దిద్దుకోవచ్చు. నావంటివాడికి అది కావాలి.

అలాగని ఇది కూడా మంచినీళ్ళు కాదు. అగ్గి తగిలితే భగ్గుమంటుంది. కంప్రెసరు మోటారును దూరంగా పెట్టి గొట్టం లాగాం. రంగు కొట్టే పూట పొయ్యి లేదు, దేవుడి దగ్గర దీపం లేదు, అగరొత్తి లేదు. రంగు గుడ్డలన్నీ నీళ్ళ బకెట్టులోనే. ముక్కుకు బొగ్గు గుళికలున్న మాస్కు కొన్నాను. 1,800 అయింది. ఎక్కువనిపించింది. మేస్త్రీ దగ్గు విన్నాక అనిపించలేదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న మిత్రులు నా మాట విని ఇటువైపు రావద్దని మనవి.

బానెట్ మీద వారం రోజులు సాధన చేశాను. గన్ను రేకుకు జానెడు దూరంలో ఉండాలి. మణికట్టు తిప్పకూడదు, చేయి మొత్తం రేకుతో సమంగా కదలాలి. తిప్పితే మధ్యలో చిక్కగా, చివర్లలో పలచగా పడుతుంది. అంచుకు ముందే మీట నొక్కి, అంచు దాటాక వదలాలి. ఒక చారలో సగం మీద రెండో చార పడాలి. రంగు ఎంతో థిన్నరు అంతకు కొంచెం ఎక్కువ. దగ్గరగా పోతే రంగు కన్నీళ్ళలా కారుతుంది, దూరమైతే గాలిలోనే ఆరి ఇసుకలా గరుకుగా పడుతుంది. నా చేతికి కొద్దిగా వణుకుంది. నేను దాచుకుంటే మేస్త్రీ చూడనే చూశాడు. "మోచెయ్యి ఒంటికి ఆనించి, నడుంతో కదలండి" అన్నాడు. నిజంగానే తగ్గింది.

కారుకు మొదటి పూత ఒక ఉదయం ఏడు గంటలకే మొదలుపెట్టాను. ఎండ రాకముందు చల్లగా ఉంటుందని నా తెలివి. అరగంటలో ఎర్రటి టాపు మీద పాలు పోసినట్టు తెల్లటి పొర కమ్మింది. గుండె జారిపోయింది. మేస్త్రీ తొమ్మిదింటికి వచ్చి నవ్వాడు. థిన్నరు ఎగిరేటప్పుడు రేకును చల్లబరుస్తుంది, పొద్దుటి గాలిలోని తేమ దాని మీద మంచులా దిగి రంగులో చిక్కుకుంటుంది. పది దాటాక, ఎండ బాగా వచ్చాక, నెమ్మదిగా ఆరే థిన్నరు పలచగా కొట్టించాడు. కళ్ళెదుటే ఆ తెలుపు కరిగిపోయి ఎరుపు తేలింది. అప్పటినుంచి పదింటికి ముందు, మూడింటి తరవాత గన్ను ముట్టలేదు.

అయిదు పూతలు వేశాం. వారం ఆరనిచ్చి 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో రుద్ది, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టాం. మా ఆవిడ కుర్చీ వేసుకుని ముందు డోరు తనే తుడిచింది, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఖర్చు చెప్పకపోతే ఈ సభ నన్ను వదలదు. రంగు, థిన్నరు, సర్ఫేసరు, పుట్టీ, కాగితాలు 7,200. కంప్రెసరు అద్దె 3,000. మాస్కు 1,800. బానెట్ 600. మేస్త్రీకి 31 రోజులకు 12,400. వెరసి 25,000. మా ఆవిడ గిన్నె ఇందులో చేరలేదు.

మార్చి 22న బండి చూపించాను. తనిఖీ చేసినాయన లైట్లు, బ్రేకులు, ఛాసిస్ నంబరు చూసి, రంగు చూసి, "ఏ షెడ్డులో వేయించారు?" అన్నాడు. ఇంట్లోనే అన్నాను. నమ్మినట్టు లేదు. రిజిస్ట్రేషన్ 2027 దాకా పొడిగించారు.

ఆ కారు మొదటి ప్రయాణం మేస్త్రీని గుంటూరు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం. తోడుగా వాళ్ళ అమ్మ కూడా వచ్చింది. కారెక్కి నా వంక కాసేపు చూసి, "మూడో టేబులు బాబువి కదూ" అంది. అవునమ్మా అన్నాను. "అప్పుడు జుట్టు ఉండేది" అంది. నేను చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. రెండురోజులు నోట్లో తిప్పుకుని సిద్ధం చేసుకున్న మాట. ఊరు దాటాక చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చుంది. మేస్త్రీ మాత్రం, "గేరు మార్చండి బాబాయిగారూ" అన్నాడు.

ఆమె వేళ్ళు అరిగిపోయి యంత్రంలో వేలిముద్రలు పడవు. అందుచేత ఏటా లైఫ్ సర్టిఫికెట్టుకు నేనే కారులో తీసుకెళ్ళి, అక్కడి బల్ల దగ్గర నిలబడి, ఏమేం కావాలో అన్నీ ఒకేసారి అడిగి రాసుకుంటున్నాను. వచ్చే నెలలో మళ్ళీ వెళ్ళాలి.

కారు బయట వేపచెట్టు కింద ఉంది. చూడదలచినవారు చూడవచ్చు. ఉంగరాలున్న చేతులతో తడమవద్దని ప్రార్థన. డిక్కీ కింద ఎడమపక్క రంగు కారిన చార ఒకటి మిగిలింది. మీరు అడగకముందే చెబుతున్నాను, అది నా చేతిదే, మేస్త్రీది కాదు.